శీతకాలము ఎక్కడ గడపుదుము?

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27:9 నుండి 28:11 వరకు



అమెరికా దేశపు ఉత్తర రాష్ట్రములలో ఒక ఆచారము గలదు. క్రిస్మసు పండుగ గడచిన పిమ్మట అనేక కుటుంబములవారు ఇంటికి తాళము వేసి, బట్టలు, దుప్పట్లు, వంటపాత్రలు, పిల్లల పుస్తకములు కారులో సర్దుకొని దక్షిణ దిక్కునకు ప్రయాణమగుదురు. ఫ్లోరిడా, అరిజోనా, టెక్సాసు దక్షిణ భాగము మొదలైన వెచ్చని చోట్ల ఒక నెల, కొందరు రెండు మూడు నెలలు, అద్దె ఇండ్లలో నివసించి, పిమ్మట స్వస్థలములకు మరలుదురు. అక్కడివారు వీరిని వేడుకగా మంచు పక్షులని పిలుతురు. మన నెల్లూరు సీమలో పులికాటు సరస్సునకును నేలపట్టు చెరువునకును చలికాలమున పక్షులు గుంపులుగా వచ్చి, ఎండలు ముదిరినప్పుడు మరలిపోవుట చూచినవారికి ఈ పేరు సులభముగా బోధపడును.

ఒహాయో రాష్ట్రములోని ఒక సేద్యపు కుటుంబమును మనస్సున తలంచుకొనుడి. ఇది ఏ ఒక్క ఇంటి కథయు కాదు. ఇట్టి ఇండ్లు అక్కడ అనేకములు గలవు. జనవరి మాసమున అక్కడ రాత్రివేళ బయట నుంచిన నీరు రాయివలె గడ్డకట్టును. పొలము మంచు క్రింద నిద్రించును. పశువులు లేని రైతునకు ఆ నెలలో పని తక్కువ. భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో కారెక్కి, 75వ నంబరు రహదారి వెంట కెంటకీ, టెన్నెస్సీ కొండలు దాటి, జార్జియా ఎర్రనేలలగుండ సాగి, సుమారు 1,800 కిలోమీటర్లు ప్రయాణము చేసి ఫ్లోరిడాలోని సరసోటా పట్టణము చేరుదురు. అక్కడ జనవరి మధ్యాహ్నము 22 డిగ్రీల వెచ్చదనముండును. పెరటిచెట్లకు నారింజకాయలు వ్రేలాడుచుండును. పిల్లలు చెప్పులు విడిచి సముద్రపు టిసుకలో పరుగెత్తుదురు. అయితే ఆ రైతుయొక్క తల్లి, ఏండ్లు మీరిన ముసలమ్మ, అంత దూరము కూర్చుండి ప్రయాణము చేయలేనని ఒహాయోలోని తన యింటనే నిలిచిపోయినది.

ఈ కుటుంబము చేసినది సరియేనా? మంచు నెరుగని మనకు ఈ సంగతితో పనియేమని మీరడుగవచ్చును. మన సంఘముల బిడ్డలు అనేకులు నేడు ఆ దేశములో కాపురములు చేయుచున్నారు. ఆ మంచును, ఆ ప్రయాణములను వారెరుగుదురు. అంతకంటె ముఖ్యమైన కారణమొకటి గలదు. ఒక చోట కష్టకాలము వచ్చినప్పుడు దానిని విడిచిపోగలవారు కొందరు, పోలేనివారు కొందరు ప్రతి దేశములోను ఉందురు. పోగలవాడు పోలేనివానికి ఏమి అచ్చియున్నాడు? ఇది ఒహాయోకు ఎంత చెందునో మన పల్లెకును అంతే చెందును.

1. వెచ్చదనమును కోరుట పాపము కాదు

మొదట ఈ మాట స్పష్టముగా చెప్పుకొనవలెను. భక్తియనగా చలిలో వణకుటయే యని తలంచువారు కొందరు గలరు. వేదము అట్లు చెప్పుట లేదు. జలప్రళయము తరువాత దేవుడు నోవహునకు చేసిన వాగ్దానములో శీతోష్ణములు, వేసవి శీతకాలములు మానక వచ్చుచుండునని యున్నది (ఆది. 8:22). ఋతువులు దేవుని ఏర్పాటు. ఆ ఏర్పాటునుబట్టి స్థలము మార్చుకొనుటయు ఆయన యిచ్చిన జ్ఞానమే. ఆకాశమున నెగురు కొంగయు పావురమును తమ రాకపోకల కాలము నెరిగియున్నవని యిర్మీయా మెచ్చుకొనెను (యిర్మీయా 8:7). పక్షికి తప్పు కానిది మనిషికి ఎట్లు తప్పగును?

అపొస్తలుడైన పౌలు సయితము శీతకాలమును గూర్చి ముందుగా ఆలోచించెడివాడు. నికొపొలిలో ఆ కాలము గడప నిశ్చయించుకొంటినని తీతునకు వ్రాసెను (తీతు 3:12). మీయొద్దనే శీతకాలమంతయు గడపుదునేమో యని కొరింథీయులకు తెలియజేసెను (1 కొరింథీ. 16:6). మన ప్రభువు తన శిష్యులు భోజనమునకైనను తీరిక లేక అలసియుండుట చూచి, ఏకాంతమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని వారిని పిలిచెను (మార్కు 6:31). ఏడాది పొడుగున నాగలి వెంట నడచిన తండ్రిని పిల్లలు సరిగా చూచుట ఆ ఒక్క నెలలోనే కావచ్చును. తండ్రియు తల్లియు పిల్లలును ఒక బల్లయొద్ద మూడు పూటల కూర్చుండుట దేవుని వరము. దానిని చూచి ముఖము చిట్లించుకొనువాడు దేవునికంటె కఠినుడు.

కావున శీతకాలమున ఎక్కడ ఉంటివని దేవుడు మనలను గద్దింపడు. ఆయన అడుగునది వేరొకటి. దానిని తెలిసికొనుటకు వేదములోని రెండు శీతకాలపు నగరులను చూతము.

2. రెండు శీతకాలపు నగరులు

యూదా రాజైన యెహోయాకీము శీతకాలమునకై ప్రత్యేకముగా కట్టిన నగరులో కూర్చుండెను. సంవత్సరములో తొమ్మిదవ మాసము. ఎదుట కుంపటి మండుచుండెను. యిర్మీయా చెప్పి వ్రాయించిన గ్రంథమును ఒకడు చదువుచుండగా, మూడు నాలుగు పుటలు ముగిసినప్పుడెల్ల వాటిని చాకుతో కోయించి ఆ కుంపటిలో వేయించుచుండెను. గ్రంథమంతయు కాలిపోయెను (యిర్మీయా 36). కుంపటి యందు దోషము లేదు. చలిలో కుంపటి ఎవరికి వద్దు? తాను వినగూడని మాటను మండించుటకు దానిని వాడుకొనుటయే రాజు దోషము.

అతడు వినగోరని మాట యేది? యిర్మీయా 22వ అధ్యాయములో దానిలో ఒక భాగము మనకు దొరకును. కూలి యియ్యక పొరుగువానిచేత పని చేయించుకొని విశాలమైన మేడ కట్టుకొనుచున్నావని ప్రవక్త అతని నిందించెను. అక్కడనే అతని తండ్రియైన యోషీయాను జ్ఞాపకము చేసెను. యోషీయాయు తినెను, త్రాగెను; అయితే దానితోకూడ న్యాయము జరిగించెను, దరిద్రుల పక్షముగా తీర్పు తీర్చెను; కావున అతనికి మేలు కలిగెను. సహోదరులారా, ఈ మాటను జాగ్రత్తగా గమనించుడి. తినక త్రాగక న్యాయము చేసెనని యోషీయాను గూర్చి వ్రాయబడలేదు. తినెను, త్రాగెను, న్యాయమును చేసెను. సుఖమును నీతియు ఒక యింట కాపురముండవచ్చును. కుమారుడు మాత్రము రెండవదానిని బయటకు గెంటివేసెను.

రెండవది సమరియ ధనవంతులది. వారికి చలికాలమునకొక యిల్లు, వేసవికొక యిల్లు ఉండెను. వాటిని పడగొట్టుదునని దేవుడు ఆమోసు ద్వారా చెప్పెను (ఆమోసు 3:15). ఎందుకు? రెండు ఇండ్లున్నందుకా? ఆ గ్రంథమంతయు చదువుడి. జోడు చెప్పులకై బీదవానిని అమ్మివేసిరి. దరిద్రులనుండి ధాన్యము బలవంతముగా పుచ్చుకొనిరి. ఆ సొమ్ముతో చెక్కిన రాళ్లతో ఇండ్లు కట్టిరి. ఆ గోడలకు బీదల చెమట సున్నముగా పట్టియున్నందున వాటిమీద తీర్పు వచ్చెను.

ఈ రెండింటినుండి మనకు రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. నేను వెచ్చగా నుండగా నా వెనుక చలిలో మిగిలినది ఎవరు? నా వెచ్చదనమునకు తన వీపు వంచినది ఎవరు?

3. వెనుక మిగిలినవారు

1978 జనవరి 26న ఒహాయోలో గొప్ప మంచుతుపాను రేగెను. ఇండ్ల వాకిళ్లు మంచులో పూడిపోయెను, దారులు మూతపడెను, విద్యుత్తు ఆగిపోయెను. ఆ ఒక్క రాష్ట్రములోనే 50 మంది వరకు మరణించిరి. ఒక లారీ డ్రైవరు తన బండితో సహా మంచులో కప్పబడి, ఆరు దినములు లోపలనే యుండి, పిమ్మట ప్రాణముతో వెలికి తీయబడెను. అట్టి వేళ వృద్ధురాలికి పొరుగువాని పారయే రక్షణ. ఆమె మెట్లమీది మంచు ఎవరైనను త్రవ్వి తీయవలెను. ఇంటిని వెచ్చజేయు యంత్రము ఆగిపోయినచో ఎవరైనను వచ్చి చూడవలెను. గోడలలోని నీటి గొట్టములు గడ్డకట్టి పగులకుండ కాచుకొనవలెను. ఇవి ఫ్లోరిడానుండి చేయగల పనులు కావు. కుమారుడు దినదినము టెలిఫోనులో పలుకరించవచ్చును, అది మంచిదే; కాని టెలిఫోను మెట్లు ఊడ్వలేదు.

పౌలు రోమా చెరసాలలో నుండి వ్రాసిన చివరి పత్రికలో ఈ సంగతి మన కండ్లకు కట్టినట్లున్నది. దేమా విడిచిపోయెను, లూకా మాత్రమే దగ్గర నుండెను. ఆ ముసలి బందీ తిమోతిని ఏమి అడుగుచున్నాడు? త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీని తీసికొని రమ్మనెను. పుస్తకములు, తోలు కాగితములు తెమ్మనెను. శీతకాలమునకు ముందే వచ్చి చేరుమనెను (2 తిమోతి 4:9–21). సువార్తకై లోకమంత తిరిగినవానికి ఒక పాత అంగీ కావలసివచ్చెను. కిరీటము తన కొరకు సిద్ధముగా నున్నదని పలికిన నోటితోనే ఆయన చలి వేయుచున్నదని తెలియజేసెను. పరలోక నిరీక్షణ కలిగినవానికి దుప్పటి అక్కరలేదని మనము తలంపరాదు.

తిమోతికి చలికాలమున సుఖమైన చోటు ఎఫెసేయో, మరియొకటియో కావచ్చును. అయితే ప్రేమ అతనిని చెరసాల వైపు నడిపింపవలసియుండెను. ఒకే రహదారి దక్షిణమునకును పోవును, ఉత్తరమునకును పోవును. ఎటు పోవలెననునది వాతావరణమును మాత్రమే చూచి నిర్ణయించుకొనకూడదు. ఎవరు ఎదురు చూచుచున్నారని కూడ అడుగవలెను.

మంచిరేవులలో ఓడవారు చేసినది దీనికి సాక్ష్యము. ఆ రేవు చలికాలము గడపుటకు అనుకూలము కాదని ఎక్కువమంది అనిరి. అది నిజమే కావచ్చును. పౌలు హెచ్చరించెను, వారు వినలేదు. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను, తమ ఆలోచన నెరవేరినదే యని వారు లంగరెత్తిరి (అపొ. కార్య. 27:13). ఎన్ని పర్యాయములు మనమును మెల్లని గాలినే దేవుని చిత్తమనుకొందుము! చేతిలో డబ్బున్నది, బండి బాగున్నది, సెలవు దొరకినది. కావున వెళ్లుమని దేవుడే చెప్పెనందుము. గాలి అనుకూలముగా నుండుట ఒక సంగతి. ఓడలో 276 మంది ఉన్నారను సంగతి వేరు.

మన దేశపు సంఘచరిత్రయు ఈ ప్రశ్న నెరుగును. మన ఎండలకు తాళలేక పూర్వపు మిషనరీలు వేసవిలో కొండలకు పోవుచుండిరి. అమెరికను మధుర మిషనువారు తమలో అనేకులు రోగములతో చనిపోవుట చూచి 1845లో కొడైకెనాలు కొండమీద మొదటి బంగళాలు కట్టిరి. తరువాత తెలుగు దేశమునుండియు మిషనరీలు కొడైకెనాలుకును కూనూరుకును వెళ్లుచు వచ్చిరి. వారిని నిందింపరాదు, వెళ్లనిచో వారిలో కొందరి సమాధులు ఇంకను ముందే లేచియుండును. అయితే ఆ వేసవి నెలలలో పల్లె సంఘమును కాచినది ఎవరు? జ్వరముతో పడియున్న వాని ప్రక్కను కూర్చున్నది, చనిపోయినవానిని మట్టిచేసినది, ఆదివారమున గంట కొట్టినది మన ఉపదేశకులును మన బైబిలు స్త్రీలును. అనేకుల పేర్లు ఏ పుస్తకములోను లేవు. వెనుక నిలిచినవారి వలననే వెళ్లినవారికి విశ్రాంతి కలిగినది. వెళ్లినవాడు దీనిని ఎరిగి వెళ్లినచో అతని విశ్రాంతి పరిశుద్ధమైనది. ఎరుగనిచో అది అప్పు చేసి తిన్న పండుగ.

కావున ఆ ఒహాయో కుటుంబము వెళ్లకూడదని నేననను. తన యింటివారిని విచారింపనివాడు అవిశ్వాసికంటె చెడ్డవాడని పౌలు తిమోతికి బోధించెను (1 తిమోతి 5:8). వెళ్లకమునుపు ఆ రైతు తల్లితో ఒప్పందము చేసికొనెనా? నీవు ఒంటరిగా నుండగలవాయని నిజముగా అడిగెనా, లేక ఆమె పోయిరమ్మనిన మాటను వెంటనే పట్టుకొనెనా? తల్లులు పోయిరమ్మనియే అందురు. ఆ మాట వెనుకనున్న మనస్సును కుమారుడే చదువవలెను. పొరుగువానిని పిలిచి తాళపుచెవి ఇచ్చెనా? సంఘపు పెద్దలకు చెప్పెనా? చలి మిక్కుటమైనచో నడుమనే తిరిగి వత్తునని తనలో నిశ్చయించుకొనెనా? ఇవి జరిగినచో అతడు నెమ్మదిగా వెళ్లవచ్చును. జరుగనిచో ఫ్లోరిడా ఎండ అతని తల్లి చలిని దాచలేదు.

4. అక్కడ కాపురమున్నవారు

ఇప్పుడు రెండవ ప్రశ్న. వెచ్చని రాష్ట్రమనగా ఎవరికి వెచ్చన? నెల దినములు ఉండి పోవువానికి అది తోట. ఏడాదంతయు ఉండువానికి అది పొలము, కూలి, తుపాను. 2024 అక్టోబరు 9న మిల్టను అను తుపాను సరసోటా తీరమునకే వచ్చి తాకెను. 1894 డిసెంబరులోను 1895 ఫిబ్రవరిలోను పడిన గడ్డమంచునకు ఆ రాష్ట్రపు నారింజ తోటలు నాశనమై అనేక కుటుంబములు దివాలెత్తెను. ప్రతి దేశమునకు దాని శీతకాలము దానికి గలదు. మనము వెళ్లిన నెలలో అది కనబడకపోవచ్చును, అంతే.

సరసోటా నుండి దక్షిణముగా, సముద్రమునకు దూరముగా లోపలి నేలలో, ఇమోకలీ అను ఊరు గలదు. ఉత్తర దేశమంతయు మంచులో నుండగా టమాటాలు పండు పొలములు ఆ చుట్టుపట్ల నున్నవి. మెక్సికో, గ్వాటిమాలా, హైతీ దేశములనుండి వచ్చిన కూలీలు తెల్లవారకమునుపే వీధిలో నిలిచి బస్సులెక్కి పొలములకు పోవుదురు. ఒక్కొక్క బకెట్టుకు 32 పౌనుల కాయలు, అనగా సుమారు 14 కిలోలన్నర. దానిని భుజమున నెత్తి బండి యొద్దకు పరుగున చేర్చవలెను. ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో ఒక్క బకెట్టునకు వారికి దొరకిన కూలి అర్ధ డాలరుకంటె తక్కువ. ఫ్లోరిడాలో పంట ముగియగానే వీరిలో అనేకులు పని వెదకుచు ఉత్తర రాష్ట్రములకు పోవుదురు.

సహోదరులారా, ఈ చిత్రమును చూడుడి. ఒక కుటుంబము జనవరిలో విశ్రాంతికై దక్షిణమునకు వచ్చును. మరియొక కుటుంబము వేసవి ముఖమున కూలికై ఉత్తరమునకు పోవును. ఇరువురును చలి వేడిమినిబట్టి కదలువారే. ఇరువురి పిల్లలును బండి వెనుక కూర్చుండి చెట్లు వెనుకకు పోవుట చూచువారే. ఒకరికి స్థలము మార్చుట సుఖము, ఒకరికి బ్రదుకుతెరువు. మన పాలమూరు కూలీల నెరిగినవారికి ఈ రెండవ ప్రయాణమును గూర్చి వేరే చెప్పనక్కరలేదు. మొదటి కుటుంబపు బల్లమీది పచ్చడిలోని టమాటా రెండవ కుటుంబపు చేతులనుండియే వచ్చినది. ఇద్దరును ఒకరినొకరు ఎన్నడును చూడకపోవచ్చును. దేవుడు ఇద్దరిని చూచుచున్నాడు.

ఇక్కడ సంఘము నిద్రపోలేదని చెప్పుటకు సంతోషముగా నున్నది. ఇమోకలీ కూలీలు 1993లో ఒక సమాజముగా కూడుకొనిరి. వారు 2001లో ఒక గొప్ప భోజనశాలల సంస్థను ఉద్దేశించి, పౌనుకు ఒక్క సెంటు ఎక్కువ చెల్లించుడనియు, అది కూలివానికి చేరునట్లు చేయుడనియు అడిగి, వినువరకు ఆ శాలలలో తినవద్దని ప్రజలను కోరిరి. అమెరికాలోని ప్రెస్బిటేరియను సంఘము 2002లో వారి పక్షము వహించెను. అనేక గుడులవారు ఆ కూలీలను తమ గదులలో పడుకొనబెట్టి, భోజనము పెట్టిరి. 2005 మార్చిలో ఆ సంస్థ ఒప్పుకొనెను. ఒక్క సెంటు! కొనువానికి అది తెలియను కూడ తెలియదు. బకెట్టు మోయువానికి అది 32 సెంట్లు. అనగా అతని కూలి ఇంచుమించు రెండింతలకు చేరువ. నీ సుఖములో నీకు తెలియని ఒక సెంటు, వేరొకని యింట పూట భోజనము కావచ్చును.

5. పుల్లలేరిన అతిథి

ఇప్పుడు మూడవ శీతకాలపు నివాసము చూతము. ఓడ బ్రద్దలైన పిమ్మట పౌలును తక్కినవారును మెలితే ద్వీపమునకు చేరిరి. వర్షము, చలి. ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. పౌలు ఏమి చేసెను? అందరికంటె ఎక్కువ అలసినవాడు, చెరపట్టబడినవాడు, ముసలితనమునకు దగ్గరపడినవాడు. అతడు కూర్చుండి చేతులు కాచుకొనవచ్చును. అయితే లేచి పుల్లలేరుచుండెను. ఆ పుల్లలలోనుండి పాము వెడలి చేతిని పట్టెను. అయినను అతడు ఆ నిప్పును తిట్టలేదు, ఆ ఊరిని తిట్టలేదు. పిమ్మట పొప్లి తండ్రి జ్వరముతోను రక్తభేదితోను పడియుండగా లోపలికి వెళ్లి ప్రార్థించి స్వస్థపరచెను. మూడు నెలలు అక్కడ గడచెను. ఓడ ఎక్కు దినమున ఆ ఊరివారు వారికి కావలసినవన్నియు తెచ్చి యిచ్చిరి.

ఇదియే క్రైస్తవుడు వెచ్చని చోట నుండవలసిన విధము. నిప్పు ఇతరులు రాజబెట్టినది. పుల్ల మాత్రము నేను వేయవలెను.

సరసోటా పట్టణములోనే పైన్‌క్రాఫ్టు అను చిన్న పేట గలదు. 1920 తరువాతి సంవత్సరములనుండి ఆమిష్, మెన్నొనైటు విశ్వాసులు చలికాలమున అక్కడికి వచ్చుచున్నారు. మన మహబూబ్‌నగరు ప్రాంతపు మెన్నొనైటు బ్రదరెన్ సంఘములవారికి ఆ పేరు క్రొత్త కాదు; వీరు ఆ వంశములోని వేరు శాఖలవారు. ఆమిష్ వారు సొంత కారు ఉంచుకొనరు గనుక ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియాల నుండి బస్సులలో వత్తురు. పేటలో ముసలివారు సయితము మూడు చక్రముల సైకిళ్లు త్రొక్కుచు తిరుగుదురు. సాయంకాలమున కూడి పాడుదురు, ఆదివారమున ఆరాధింతురు. హైతీ దేశపు బీదల నిమిత్తము స్త్రీలు కుట్టిన దుప్పట్లు మొదలైనవాటిని వేలము వేసి ఆ సొమ్ము పంపుట కూడ అక్కడి చలికాలపు పనులలో ఒకటి. వారిలో లోపములు లేవని కాదు. అయినను చలి తప్పించుకొనుటకు వచ్చిన స్త్రీ, తన చేతి దుప్పటిని తానెన్నడు చూడని దేశపు బీదలకై అమ్ముట పౌలు ఏరిన పుల్లలవంటిదే.

6. ఇద్దరు ఆక్షేపించువారు

మేము కష్టపడి సంపాదించుకొన్న నెల ఇది, దీనిలో పరుల కష్టమును మా కెందుకు జ్ఞాపకము చేసెదరు అని ఒకడనును. సహోదరుడా, యోషీయాకును ఆ జ్ఞాపకముండెను. అతని అన్నపానములు చేదు కాలేదు. శిష్యులు విశ్రాంతికై దోనె యెక్కిరి. దోనె దిగగానే జనసమూహము ఎదురుగా నుండెను. ప్రభువు విసుగుకొనక, కాపరి లేని గొర్రెలను చూచినట్లు వారిమీద కనికరపడెను (మార్కు 6:34). ఆ సాయంకాలమే శిష్యులను పంపివేసి తాను కొండకు ప్రార్థింప వెళ్లెను (మార్కు 6:46). ఆయన విశ్రాంతిని విడువలేదు, జనులను విడువలేదు. జ్ఞాపకము తెచ్చుకొన్నందున పాడైపోవు సుఖము మొదటినుండి బాగున్న సుఖము కాదు.

రెండవవాడు వేరు విధముగా పలుకును. లోకములో ఒక్కడు చలిలో నుండగా ఎవరును వెచ్చగా నుండరాదనును. ఈ మాటలో జాలి యున్నది, కాని బుద్ధి లేదు. తండ్రి వణకినందున బిడ్డకు వెచ్చదనము రాదు. మెలితేవారు మంట ఆర్పివేసి అతిథులతో కూడ వణకియుండినచో ఎవరికి మేలు? మంటను పెంచి చుట్టు చోటు చేయుటయే వారు చేసినది. మన సుఖమునకు హద్దు ఇంత అని కొలబద్దతో నేను గీయలేను. ఒక్క పరీక్ష మాత్రము చెప్పగలను: నా మంటయొద్ద మరియొకరికి చోటున్నదా? ఆ మంటకు కట్టెలు తెచ్చినవాని ముఖమును నేను చూడగలనా? చూడలేక ముఖము త్రిప్పుకొనినచో, నేను యెహోయాకీము నగరులో కూర్చున్నట్లే.

7. మన పల్లెలో

మనకు మంచు పడదు. అయినను పుష్యమాసపు తెల్లవారుజామున మన మాలపల్లెలలో, మాదిగపల్లెలలో, గూడెములలో ముసలివారు గోనెసంచి కప్పుకొని అరుగుమీద పొద్దుకై ఎదురుచూచుట మీరెరుగుదురు. కుమారుడు పట్టణములో నున్నాడు; మంచి ఇల్లు, మెత్తని పరుపు. అతడు పాపి కాడు, పొట్టకూటికి వెళ్లెను. కాని చలికాలమునకు ముందు ఒక కంబళి పంపెనా? పంపుటకంటె, తానే తెచ్చి తల్లి భుజముల చుట్టు కప్పెనా? పౌలు తిమోతిని అంగీ పంపుమనలేదు, తీసికొని రమ్మనెను. అంగీతోపాటు మనిషియు రావలెను.

పండుగకు బంధువుల యింటికి పది దినములు వెళ్లువారు మనలోను గలరు. మీరు లేనప్పుడు మీ వీధి చివరి విధవరాలికి నీళ్లు తెచ్చునది ఎవరు? మీరు వెళ్లిన యింట వంటయంతయు ఎవరి చేతులమీద జరుగుచున్నది? అన్నము పెట్టినది వదినగారు, కూర్చుండి తిన్నది మీరు. ఒక పూట పొయ్యి ముందు మీరు కూర్చుంటిరా? ఒక కడవ నీళ్లు మోసితిరా? అదియే మీ మెలితే ద్వీపము.

ప్రార్థన: శీతోష్ణములను నియమించిన తండ్రీ, మాకు విశ్రాంతి నిచ్చినందుకు నీకు స్తోత్రము. వెచ్చని చోట మేము కూర్చున్నప్పుడు వెనుక చలిలో మిగిలినవారి పేర్లు మా చెవిలో పలుకుము. మాకై వీపు వంచినవారి కూలి మా యింట నిలువనియ్యకుము. అంగీకై ఎదురుచూచువారియొద్దకు శీతకాలము ముంచుకొని రాకమునుపే మమ్మును నడిపించుము. పుల్లలేరిన నీ దాసునివలె మమ్మును మంచి అతిథులనుగా చేయుము. తల వాల్చుటకు చోటు లేక తిరిగిన నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఆమేన్.